తూర్పు వైపు ఖాళీ

మొన్న అక్టోబరు మొదటి వారంలో మా మేనల్లుడు కుటుంబం గ్రూపులో రెండు ఫొటోలు పక్కపక్కన అతికించి పెట్టాడు. ఎడమవైపు మన అరసవల్లి సూర్యనారాయణమూర్తి పాదాల మీద పొద్దుటి కిరణాలు. కుడివైపు ఈజిప్టులో అబూ సింబెల్ గుడి లోపలి రాతిబొమ్మల మీద అలాంటి కిరణాలే. కింద రాత: "మన పూర్వీకులే వాళ్ళకి నేర్పారు. గర్వంగా షేర్ చేయండి." పది నిమిషాల్లో పదిహేను దండాలు పడ్డాయి. నేను పెట్టలేదు. "మావయ్యకి ఎప్పుడూ అనుమానమే" అని వాడో నవ్వు బొమ్మ పెట్టాడు.

అనుమానం నా కూటికి ఆధారం. శ్రీకాకుళంలో ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాను. మూడు సెంట్ల స్థలం తెచ్చి ఐదు సెంట్ల ఇల్లు గీయమనేవాళ్ళని రోజూ చూసేవాడికి ఏ కొలతా టేపు పెట్టకుండా నమ్మాలనిపించదు. ఆ రెండు ఫొటోల మీద కూడా టేపు పెట్టాను. ఈజిప్టు నేను వెళ్ళలేదు, వెళ్ళే యోగమూ కనబడదు. కానీ ఆ గుడి కొలతలు ఎవరికైనా దొరుకుతాయి, సూర్యుడి లెక్క పంచాంగం చూసే ఎవరికైనా వస్తుంది.

ముందు ఆ "నేర్పారు" సంగతి తేల్చేస్తాను, అది చిన్న పని. అబూ సింబెల్ గుడిని ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ తొలిపించింది క్రీస్తుకు పూర్వం 13వ శతాబ్దంలో. అరసవల్లి గుడిని కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పుకునేది క్రీస్తుశకం 7వ శతాబ్దంలో. మధ్యలో దాదాపు రెండు వేల ఏళ్ళు. నేర్పడమే జరిగుంటే పాఠం అటునుంచి ఇటు రావాలి, ఇటునుంచి అటు పోదు. అలా వచ్చిందనడానికీ ఏ ఆధారమూ లేదు. ఇద్దరికీ మేస్టారు ఒకడే, రోజూ తూర్పున పుట్టేవాడు. ఆయన ట్యూషను ఫీజు తీసుకోడు, ఎవరికి ముందు చెప్పానన్నది రాసుకోడు.

అసలు పోలిక ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

సూర్యుడు నిక్కచ్చిగా తూర్పున పుట్టేది ఏడాదికి రెండుసార్లే: మార్చి 20 ప్రాంతంలో ఒకసారి, సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో ఒకసారి. మిగిలిన రోజులన్నీ ఆరు నెలలు ఈశాన్యం వైపు, ఆరు నెలలు ఆగ్నేయం వైపు ఊగుతుంటాడు. ఊయల లాగే, కొసల్లో తప్ప దారిలో ఏ చోటినైనా రెండుసార్లు దాటాలి, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. కాబట్టి తూర్పు ముఖంగా ఉన్న ఏ గుమ్మానికైనా "నా తిన్నగా వచ్చే" రోజులు ఏడాదికి రెండు ఉంటాయి. గుమ్మం ఏ కాస్త తిరిగి ఉందో దాన్ని బట్టి ఆ రెండు తారీఖులు మారతాయి, అంతే.

అరసవల్లిలో కిరణాలు పడేది మార్చి 9, 10, 11 ప్రాంతంలోనూ, అక్టోబరు 1, 2, 3 ప్రాంతంలోనూ. ఒకటి విషువత్తుకి, అంటే ఆ నిక్కచ్చి తూర్పు రోజుకి, పది రోజులు ముందు, ఇంకొకటి విషువత్తు దాటాక పది రోజులకి. వేళ్ళు మడిచి లెక్కపెట్టండి: మార్చి 10 నుంచి ఊయల ఉత్తరపు కొస అయిన జూన్ 21 దాకా 103 రోజులు. జూన్ 21 నుంచి అక్టోబరు 2 దాకా 103 రోజులు. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో నలభైసార్లు చూసిన ఫొటో ఇవ్వని ఆశ్చర్యం ఆ రెండు 103లు ఇచ్చాయి.

అబూ సింబెల్‌లో ఆ రోజులు ఫిబ్రవరి 22, అక్టోబరు 22. దక్షిణపు కొస అయిన డిసెంబరు 21కి అక్టోబరు వైపు 60 రోజులు, ఫిబ్రవరి వైపు 63. మనంత తూకంగా లేదు గానీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కూడా వెలుగు లోపలికి వస్తుంది కాబట్టి సర్దుకుంటుంది. ఆ గుడి మన గుడి కంటే ఎక్కువ దక్షిణానికి తిరిగి ఉంది, తూర్పు నుంచి ఓ పది డిగ్రీల పైన. మన సిద్ధాంతిగారికి ఆ ప్లాను చూపిస్తే "విదిక్కు స్థలమండీ, కట్టకండి" అని రామ్సెస్‌ని తిప్పి పంపేసేవారు.

రెండు ఊళ్ళలోనూ జనం చేసే పని ఇంకొకటి ఉంది: వెలుగుకి ఒక కథ తగిలించడం. అక్కడ ఆ రెండు తారీఖుల్లో ఒకటి రామ్సెస్ పుట్టినరోజు, ఒకటి పట్టాభిషేకం రోజు అని గైడ్లు చెబుతారు. దానికి రాతల్లో ఆధారం ఏమీ లేదు. ఇక్కడేమో చాలామంది కిరణాలు రథసప్తమి నాడు పడతాయనుకుంటారు. రథసప్తమి మాఘ శుద్ధ సప్తమి, తిథిని బట్టి జనవరి చివర నుంచి ఫిబ్రవరిలోకి జరుగుతుంటుంది. కిరణాలకి తిథితో పని లేదు. ఆ పండగ నాడు అర్ధరాత్రి నుంచి క్యూలో నిలబడి, పొద్దున్న పాదాల మీద ఎండ కనపడలేదని నిష్ఠూరపడే బంధువులు నాకే ఇద్దరున్నారు.

ఇంతవరకు వచ్చాక కొందరు రెండో కొసకి పోతారు. "తూర్పు ముఖం గుడి ఏదైనా అంతే కదా, ఇందులో గొప్పేముంది?" అని. చిత్తూరు వైపు నాగలాపురం వేదనారాయణస్వామి గుళ్ళో మార్చిలో మూడు సాయంత్రాలు కిరణాలు పాదాల మీద, నాభి మీద, శిరస్సు మీద వరసగా పడతాయి. ఐర్లండులో న్యూగ్రేంజ్ అనే రాతి సమాధిలోకి డిసెంబరు చివర్లో పొద్దుటి వెలుగు వస్తుంది. ఎక్కడ చూసినా ఉన్నదే అయితే అరసవల్లికి ప్రత్యేకం ఏమిటి?

దీనికి జవాబు మా పాత ఇంట్లో గోడ మీద ఉంది.

గుజరాతీపేటలో మా పెంకుటిల్లు పాత తరహాది. వీధి గుమ్మం, నడవ గుమ్మం, మధ్య గది గుమ్మం ఒకే వరసలో ఉంటాయి. వీధిలో నిలబడితే లోపలి గోడలో దేవుడి గూడు కనబడుతుంది. మా వీధి మొత్తం విదిక్కు వీధి, ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. "ఈ సలంలో ఎలగ సేసినా మూల తప్పదు బావూ" అని మా మేస్త్రి ఎప్పుడూ అనేవాడు. నా చిన్నప్పుడు ఎదురుగా ఖాళీ స్థలం, దాని వెనక కొబ్బరిచెట్లు. శీతాకాలంలో పొద్దున్నే ఎండ మూడు గుమ్మాలూ దాటి లోపలికి వచ్చేది. రెండు రోజులు మాత్రం సరిగ్గా గూట్లో ఉన్న ఇత్తడి కుందె మీద పడేది. అమ్మ ఆ గూడు పక్కన సున్నం గోడ మీద బొగ్గుతో గీత గీసి, నాచేత పెన్సిలుతో తారీఖు రాయించింది. ఒకటి నవంబరు 5. ఇంకోటి ఫిబ్రవరి 6. నేను ఆరో తరగతి. రెండూ ఒకే గీత మీద ఎందుకు పడ్డాయో అమ్మకి తెలీదు, నాకూ తెలీదు. "ఎల్లినోడు ఆ దారినే తిరిగొస్తాడు కదరా" అంది. నేను పైన రాసిన ఊయల పాఠం అంతా ఆ ఒక్క మాటే.

ఇప్పుడు టేపు. మా వీధి గుమ్మం నుంచి గూడు దాకా ముప్ఫై అడుగులు. ఆ దూరానికి ఆ రోజుల్లో వెలుగు పలక రోజుకి దాదాపు రెండంగుళాలు జరుగుతుంది. అదే ఒక్క గది లోతుంటే, పది అడుగులకి, అంగుళం కూడా జరగదు. ఇవాళ పడిందో నిన్న పడిందో చెప్పలేం. అబూ సింబెల్‌లో కొండని తొలిచి వెళ్ళిన లోతు సుమారు 60 మీటర్లు. అంత లోతున వెలుగు రోజుకి ఇంచుమించు మూరెడు జరుగుతుంది. మూరెడు అంటే కూర్చున్న ఒక రాతిబొమ్మ భుజం నుంచి పక్క బొమ్మ భుజం మీదికి పాకేంత. లోతు పెరిగిన కొద్దీ కొలత పదునెక్కుతుంది. గుమ్మం మీద గుమ్మం, మండపం మీద మండపం పెట్టేకొద్దీ ఏడాదిలో వెలుగుకి దారి దొరికే రోజులు తగ్గుతూ తగ్గుతూ వేళ్ళ మీదికొస్తాయి. అరసవల్లిలో రాజగోపురం, ధ్వజస్తంభం, అనివెట్టి మండపం అన్నీ దాటి పాదాలు తాకాలి. తూర్పు ముఖంగా కట్టడం ఎవడైనా చేస్తాడు. అంత సన్నని సందులోంచి, అంత లోపలికి, వరస తప్పకుండా దారి వదలడం పనివాడు చేసే పని.

ఇక్కడ రెండు గుళ్ళకీ పెద్ద తేడా ఒకటి నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. అబూ సింబెల్ గర్భగుడిలో నలుగురు వరసగా కూర్చుని ఉంటారు: ప్తా, అమున్ రా, రామ్సెస్, రా హొరాఖ్తీ. రాజు తనని తాను దేవుళ్ళ మధ్య కూర్చోబెట్టుకున్నాడు. వెలుగు మిగిలిన ముగ్గురి మీదా పడుతుంది గానీ, ప్తా మాత్రం చీకట్లోనే ఉండిపోతాడు. ఆయన పాతాళంతో సంబంధం ఉన్న దేవుడు, అందుకే అలా కట్టారని చెబుతారు. మన దగ్గర రాజు లేడు. నల్లరాతి సూర్యుడు రెండు చేతుల్లో తామరమొగ్గలు పట్టుకుని, ఉషా పద్మా ఛాయలతో, ఏడు గుర్రాల రథం మీద ఉంటాడు. పైనున్నవాడు పొద్దున్నే వచ్చి తన పాదాలకు తానే దణ్ణం పెట్టుకుని పోతాడు. అహంకారమో వినయమో తేల్చుకోలేని దృశ్యం. మార్చిలో ఆరు దాటిన కాసేపటికి, అక్టోబరులో అంతకంటే ఓ ఇరవై నిమిషాలు ముందే వస్తాడు. కొద్ది నిమిషాలే. మబ్బు పడితే అదీ లేదు. ఒకసారి నేను తెల్లవారుజామున వెళ్ళి మబ్బుని చూసి ఇంటికొచ్చేశాను.

ఫొటోలో కనబడని పోలిక, నాకు అన్నిటికంటే పెద్దది, ఇంకొకటి ఉంది. ఈ రెండు గుళ్ళూ మొదట కట్టినట్టు ఇప్పుడు లేవు.

నైలు మీద అస్వాన్ పెద్ద ఆనకట్ట కడుతున్నప్పుడు అబూ సింబెల్ మునిగిపోవాలి. 1964 నుంచి 1968 దాకా యునెస్కో పూనికతో ఆ గుడిని రంపాలతో దిమ్మలుగా కోశారు. ఒక్కో దిమ్మ సగటున 20 టన్నులు. 65 మీటర్లు పైకి, సుమారు 200 మీటర్లు వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ పేర్చారు. వెనక కొండ కావాలి కదా, కాంక్రీటు గుమ్మటం పోసి దాని మీద రాళ్ళూ మట్టీ కప్పి కృత్రిమంగా కొండని చేశారు. సెంట్రింగు పని తెలిసినవాళ్ళు ఆ గుమ్మటం బొమ్మలు ఒకసారి చూడాలి, శ్లాబు పోసే మనందరికీ సిగ్గేస్తుంది. ఇంత చేసి, ముఖం మాత్రం పాత దిక్కుకే పెట్టారు. అంతకుముందు 21న పడే కిరణాలు ఇప్పుడు 22న పడుతున్నాయని, ఒక్క రోజు తేడా వచ్చిందని చెబుతారు.

తెలుగువాళ్ళకి ఇది కొత్త కథ కాదు. 1955లో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వి, ఇక్ష్వాకుల నాటి కట్టడాల్ని కొన్ని కొండ మీదికి, కొన్ని ఒడ్డున అనుపు దగ్గరికి మార్చి నిలబెట్టారు. అబూ సింబెల్‌లో రంపం పెట్టకముందే ఆ తవ్వకాల పని మన దగ్గర అయిపోయింది. తర్వాత శ్రీశైలం నీళ్ళు వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయం అలంపురానికి నడిచొచ్చింది. మా మేనల్లుడికి గర్వపడటానికి ఏదో ఒకటి కావాలంటే ఇది పెట్టుకోవచ్చు, కొలతా తారీఖూ రెండూ ఉన్నాయి.

అరసవల్లి కూడా అంతే. ఇప్పుడు మనం చూసే కట్టడం చాలావరకు 18వ శతాబ్దపు పునరుద్ధరణ. కూలినదాన్ని ఎత్తారు, అరిగినదాన్ని మార్చారు. ఎత్తినవాళ్ళు ఆ వరస తప్పించలేదు. ఎవరో ఒక మేస్త్రి తాడు పట్టుకుని, గోడ నాలుగంగుళాలు ఇటు జరిగితే పని సుళువవుతుందని తెలిసీ, జరపకుండా ఊరుకుని ఉంటాడు. ఆ ఊరుకోవడం ఏ శాసనంలోనూ ఎక్కదు. నా లెక్కలో దేవేంద్రవర్మకి ఎంత పేరు రావాలో ఆ మేస్త్రికీ అంతే రావాలి.

ఇక నా నేరం సంగతి.

1998లో మా ఎదురు ఖాళీ స్థలం కొన్నాయన ప్లాను కోసం నా దగ్గరికే వచ్చాడు. అందరూ అడిగేదే అడిగాడు: "తూర్పు, ఉత్తరం ఖాళీ ఎక్కువుండాలి మాస్టారూ. పడమర మూడడుగులు సాలు." ఆయన స్థలానికి పడమర మా వీధి. అంటే ఆయన తూర్పు ఎంత విశాలంగా ఉంటే, ఇల్లు అంతగా మా వైపుకి జరిగి వస్తుంది. నేను గీశాను. కింద ఇల్లు, పైన ఒక వాటా, ఆ పైన మెట్ల గది, దాని మీద నీళ్ళ ట్యాంకు. ఎనిమిది వందలు తీసుకున్నాను. నిబంధనల ప్రకారం గీత ఒక్కటి కూడా తప్పు లేదు. ఆ నవంబరులో మా గూట్లోకి ఎండ రాలేదు. అమ్మ నన్ను ఏమీ అనలేదు. "సూరీడు ఈ యేడు రానేదేటి" అని మాత్రం అంది, నేను ఏదో కాగితం వెతుక్కుంటున్నట్టు నటించాను.

ముప్ఫై ఏళ్ళలో నా దగ్గరికి వచ్చినవాళ్ళలో తూర్పు ఖాళీ అడగనివాడు లేడు. పడమర ఖాళీ అడిగినవాడు ఒక్కడూ లేడు. నా పడమర ఇంకొకడి తూర్పు అనే ముక్క ఏ వాస్తు పుస్తకంలోనూ నేను చూడలేదు, సిద్ధాంతులెవరూ చెప్పగా వినలేదు. అరసవల్లి గుడి గురించి కూడా అందుకే నాకు భయం. గుడి లోపలి వరసని ఆలయం వాళ్ళు కాపాడుకుంటారు. గుడికి తూర్పున ఉన్నదంతా ఊరు. ఊళ్ళో ప్రతివాడికీ తన స్థలంలో తన తూర్పు ఉంటుంది, గుడి వైపున్నది పడమర, మూడడుగులు చాలు. పండగ పందిళ్ళు, ఫ్లెక్సీలు, దుకాణాల రేకులు, ఎవరైనా కొత్తగా వేసే పై అంతస్తు, ఇందులో ఏ ఒక్కటీ గుడికి శత్రువు కాదు. అన్నీ భక్తితోనే లేస్తాయి. అబూ సింబెల్‌కి ముందున్నది చెరువు, నీటి మీద ఎవడూ మేడ కట్టడు. ఆ విషయంలో రామ్సెస్ అదృష్టవంతుడు. మన దేవుడు జనం మధ్య ఉన్నాడు.

అందుకే నేను గ్రూపులో దండం పెట్టలేదు. ఆ ఫొటో కింద ఉన్న రాత ఎప్పుడో కట్టినవాళ్ళ తెలివికి మొక్కమంటుంది. తెలివి పెద్దగా అక్కర్లేని చోట, మా అమ్మ బొగ్గుముక్కతో కనిపెట్టగలిగిన చోట, తెలివికి మొక్కించి, ఆ తర్వాత పదమూడు వందల ఏళ్ళు అడ్డు రాకుండా ఉన్నవాళ్ళని వదిలేస్తుంది. గర్భగుడి కొలతల్ని మెచ్చుకునేవాళ్ళు, గుడి ముందు నేల మీద ఏ ఎత్తు దాకా కట్టొచ్చో రాసి పెట్టమని ఒక్క అర్జీ రాస్తే నేను సంతకం పెడతాను. మేనల్లుడికి ఇదంతా చెప్పాను. "పెద్ద మెసేజ్ మావయ్యా, చదివి చెప్తా" అన్నాడు. ఇంకా చెప్పలేదు.

ఈ ఫిబ్రవరిలో అమ్మని చూడ్డానికి పాత ఇంటికి వెళ్ళి రెండు రాత్రులు ఉన్నాను. రెండో రోజు పొద్దున్న ఏడు కాకముందే, అమ్మ నడవలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎదురింటి పెద్దకోడలు ఇల్లు చిమ్ముతూ ముందు తలుపు తీసింది. పెరటి తలుపు అప్పటికే తీసి ఉంది. ఆ ఇంట్లో గుమ్మాలు ఒకే వరసలో పెట్టమన్నది సిద్ధాంతిగారే, పెట్టింది నేనే. వాళ్ళ పెరట్లోంచి, వాళ్ళ వంటింట్లోంచి, హాల్లో సోఫా అంచు మీదుగా, ముందు గుమ్మం దాటి, వీధి దాటి, మా మూడు గుమ్మాల్లోంచి ఎండ లోపలికి వచ్చింది. చేట మీద పడి, అమ్మ పాదాల మీదుగా పాకి, గోడ ఎక్కింది.

"ఒచ్చీసినాడ్రా" అంది అమ్మ, తల ఎత్తకుండానే.

లేచి గూడు దగ్గరికి వెళ్ళాను. సున్నాల మీద సున్నాలు వేసినా ఆ చోటు వదిలేసి వేయించింది అమ్మ. గీత అలాగే ఉంది. వెలుగు గీత మీద లేదు, దక్షిణంగా రెండంగుళాలు పక్కకి పడింది. ఫోను తీసి చూశాను. ఫిబ్రవరి 7.